జూటా పట్టీ

ఆ కారు నేనే నడపాలని నాకుండేది. ఈ మాట ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. దాచి దాచి చివర్లో చెప్పేంత ఓపిక నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పోటీ సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. మేము గెలవలేదు. ఏడో చుట్టులో గొలుసు తెగింది. ఇంజను చూసుకున్నవాడు ఇప్పటికీ గొలుసు అమ్మినవాణ్ణే తిడతాడు. అది వాడి గోల. నా గోల వేరే.

తొంభైలు మొదలైన కొత్తలో నల్గొండలో డిప్లొమా చదువుతున్నాను. మెకానికల్, ఆఖరి సంవత్సరం. హైదరాబాదులో ఒక ఇంజనీరింగు కాలేజీవాళ్ళు పోటీ పెట్టారు. విద్యార్థులు సొంత చేతులతో తయారుచేసిన చిన్న రేసు కారు తెచ్చి వాళ్ళ మైదానంలో పది చుట్లు తిప్పాలి. బాట సగం తారు, సగం మొరం కంకర. నాలుగు చక్రాలకూ స్ప్రింగులు ఉండి తీరాలని నియమం. మా మెకానికల్ సారు ఆ కాగితం నోటీసు బోర్డుకు అంటించిన రోజు నాకు మధ్యాహ్నం అన్నం సయించలేదు. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

నలుగురం జమయ్యాం. ఒకడు పాత స్కూటరు ఇంజను సంపాదించి దాన్ని బాగుచేసే పని పెట్టుకున్నాడు. ఇంకొకడికి వెల్డింగు వచ్చు, పైపులు కోసి అతికించడం వాడి వంతు. మూడోవాడు నకిరేకల్ నుంచి రోజూ బస్సులో వచ్చే నా దోస్తు. వాళ్ళ నాయినకు నిమ్మకాయల వ్యాపారం, సొంత లారీ. వాడు ఇంట్లో కంటే లారీ క్యాబిన్‌లో ఎక్కువ పెరిగాడు. మీసం రాకముందే గేర్లు మార్చడం వచ్చినవాడు. స్టీరింగూ బ్రేకులూ వాడికి ఇచ్చాం. సస్పెన్షన్ నేను అడిగి మరీ తీసుకున్నాను.

ఎందుకు అడిగానో చెప్పాలంటే నా వెన్ను గురించి చెప్పాలి. మాది మర్రిగూడ పక్కన ఊరు. ఫ్లోరైడు కలిసిన బోరింగు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం. నా పళ్ళ మీద గోధుమరంగు చారలు చూసి హాస్టల్లో చేరిన మొదటి రోజే ఒకడు "మర్రిగూడ దిక్కా?" అని అడిగాడు. పళ్ళతో ఆగితే బాగుండేది. పద్దెనిమిదేళ్ళకే నా నడుము బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషినంతా తిప్పాలి. బాసింపట్టు వేసుకుని కూర్చోలేను. మా నాన్నకు, బాపు అంటాం, ఇంకా ఎక్కువ. గొర్ల వెంట తిరిగే మనిషి, నలభై అయిదేళ్ళకే వంగిపోయి, ఎదుటివాడి మొహం చూడాలంటే కర్రకు ఆనుకుని తల పైకెత్తుకోవాల్సి వచ్చేది. నేను ఎప్పుడు ఇంటికి వెళ్ళినా ముందు నా నడుము మీద చెయ్యి వేసి చూసేవాడు. "ఇంక మంచిగనే ఉన్నది" అనేవాడు. నాకు చిరాకేసేది.

మా ఊరి నుంచి నల్గొండకు వచ్చే బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నేను నిలబడే వచ్చేవాణ్ణి. కండక్టరు "సీటున్నది గదరా, గూసో" అని విసుక్కునేవాడు. కూర్చుంటే గుంత దెబ్బ తిన్నగా వెన్నుపూసల్లోకి వస్తుంది. నిలబడి మోకాళ్ళు కాస్త వదులు చేస్తే సగం దెబ్బ అవి మింగేస్తాయి. సస్పెన్షన్ అంటే ఏమిటో ఏ పుస్తకమూ చెప్పకముందే ఆ బస్సు నాకు చెప్పింది. ఏ మలుపు తర్వాత ఏ గుంత ఉందో డ్రైవరు కంటే నా నడుముకు బాగా తెలుసు.

ఇంకొకటి కూడా ఉంది. అరగంట కదలకుండా కూర్చుంటే నా ఒళ్ళు పట్టేస్తుంది. అందుకని క్లాసులో లేచేవాణ్ణి, కూర్చునేవాణ్ణి, కిటికీ దగ్గరికి పోయేవాణ్ణి. "నీకు కుదురు లేదారా?" అని సార్లందరూ అడిగేవారు. లేదు. ఒంటికి లేని కుదురు మనసుకు ఎక్కడి నుంచి వస్తుంది? కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

బడిలో కబడ్డీ ఆడుతుంటే నన్ను లెక్క రాయమనేవారు. ఉరుకుడు ఆట ఏదైనా సరే, లెక్క రాసేది నేనే. కారు వేరు. కారులో ఉరికేది ఇంజను, మనం కూర్చుంటే చాలు. నోటీసు బోర్డు ముందు నిలబడ్డప్పుడే ఆ సీట్లో నన్ను నేను చూసుకున్నాను. కానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే "గా నడుంతోనా?" అంటారని భయం. ఆ మాట నిజానికి ఎవరూ అనలేదు. నేనే రోజుకు పదిసార్లు వాళ్ళ నోట్లో ఆ మాట పెట్టుకుని, వాళ్ళ మీద కోపం తెచ్చుకునేవాణ్ణి.

లైబ్రరీలో ఈ విషయం మీద ఒక్క పుస్తకమే ఉంది, అట్ట ఊడిపోయింది. అందులో రేసు కారు బొమ్మ ఒక్కటీ లేదు, అన్నీ లారీలే. నాకు అదే చాలు. పట్టీ మందం రెట్టింపు చేస్తే బిగువు రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుందని చదివిన రోజు, మెస్సులో అన్నం తింటున్నవాణ్ణి ఆపి మరీ చెప్పాను. వాడు "అయితే ఏంది?" అన్నాడు. ఒళ్ళు మండింది. అలాంటి విషయం విని కూడా పప్పు కలుపుకునే మనుషులుంటారని నాకు తెలియదు.

వెనక చక్రాలకు స్కూటరు స్ప్రింగులు పెట్టాం. ముందుకు మాత్రం నేను కమాన్ కట్ట వేద్దామన్నాను. లారీల కింద చూసే ఉంటారు, ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన వంపు ఉక్కు పట్టీలు. అలాంటిదే చిన్నది, కారుకు అడ్డంగా ఒక్కటి వేస్తే రెండు చక్రాలనూ అదే మోస్తుంది. పట్టీలు తక్కువైతే కట్ట మెత్తగా ఉంటుంది. గుంతలు తెలియవు, కానీ మలుపులో కారు ఒరుగుతుంది, అడుగు నేలకు తాకుతుంది. పట్టీలు ఎక్కువైతే మలుపులో నిటారుగా నిలబడుతుంది, కానీ ప్రతి రాయీ కూర్చున్నవాడి వెన్నుకు తెలుస్తుంది. రేసు కారుకు గట్టిదే కావాలి. ఎంత గట్టిది అన్నదే లెక్క. ఆ లెక్కలో నడిపేవాడి బరువు కూడా ముఖ్యమే, ఎందుకంటే మనిషి కూర్చున్నాక మా కారు బరువులో దగ్గర దగ్గర మూడో వంతు ఆ మనిషిదే.

ఎవరు నడుపుతారన్నది ఇంకా తేల్చలేదు. కారు తయారయ్యాక నడిపించి చూసి చెబుతానని సారు అన్నాడు. "అందాక, నలుగుర్ల ఎక్కువ బరువున్నోన్ని లెక్కకు దీస్కో. ఎవడు గూసున్నా ఆగాలె" అని నాకు స్పష్టంగా చెప్పాడు.

చక్రాలు బిగించిన ఉత్త చట్రాన్ని తోసుకుంటూ మార్కెట్ యార్డుకు పోయాం. అక్కడ పత్తి బస్తాలు తూచే కాటా ఉంది. హమాలీలు పని ఆపి చుట్టూ మూగారు. "గిది బండా, మంచమా?" అని ఒకాయన అడిగితే అందరూ నవ్వారు. మొదట ఒక్కొక్కరం విడిగా తూగి, తర్వాత చట్రం ముందు చక్రాలను కాటా మీద పెట్టి ఎక్కి కూర్చున్నాం. నేను నోటుబుక్కులో రాశాను. నా దోస్తు డెబ్బై ఎనిమిది కిలోలు, అందరికంటే ఎక్కువ. నేను నలభై ఆరు. వాడు ఎక్కినప్పుడు కాటా ముల్లు ఎగిరిన తీరు చూసి నాకు అసూయ కలిగింది. ఆ బరువు ఎముకలు బాగున్నవాడి బరువు.

ఆ రోజు సాయంత్రమే రెండు లెక్కలు చేశాను. వాడి బరువుకు నాలుగు పట్టీలు వచ్చాయి. నా బరువుకు మూడు. మూడు పట్టీల కట్ట మీద నేను పది చుట్లు తిరగగలను. నాలుగు మీద తిరగగలనో లేదో తెలియదు. రేసులో తేలికైనవాడు నడిపితేనే మంచిదని ఎవరికైనా తెలుసు, ఆ మాట నలుగురిలో అనేసి ఉంటే అది న్యాయమైన వాదనే. నేను అనలేదు. నోటుబుక్కులో రెండు పేజీలనూ మార్చి మార్చి చూస్తూ గదిలో తిరుగుతూనే ఉన్నాను. చివరికి మూడు పట్టీల లెక్కను ఒక తెల్ల కాగితం మీదికి ఎక్కించి జేబులో పెట్టుకున్నాను.

నకిరేకల్‌లో లారీలు ఆగే చోట, రోడ్డు పక్కనే, ఒక ముసలి ఉస్తాద్ కమాన్ల పని చేసేవాడు. తండ్రి తాతల నుంచీ అదే పని. నా దోస్తే నన్ను అక్కడికి తీసుకుపోయాడు. వాళ్ళ లారీ కమాన్లన్నీ ఆయన చేతివేనట. నన్ను పరిచయం చేసి, చాయ్ చెప్పి వస్తానని వాళ్ళ నాయిన దుకాణానికి పోయాడు.

నేను నిలబడి చూస్తుండగానే ఒక లారీ వచ్చింది, విరిగిన కమాన్‌తో. ఉస్తాద్ టేపు తియ్యలేదు, విరిగిన ముక్క వైపు చూడలేదు. డ్రైవరును ఒకటే అడిగాడు: "లోడెంత ఏస్తవ్?"

"తొమ్మిది టన్నులు చాచా."

ఉస్తాద్ తలాడించి, పట్టీలు ఏరి, తొమ్మిది టన్నులకు ఎన్ని కావాలో అన్ని పెట్టాడు. తర్వాత ఇంకొకటి తీసి వాటి కింద పెట్టాడు. అది ఎందుకని నేను అడిగాను.

"అది జూటా పట్టీ బేటా" అన్నాడు. "తొమ్మిదన్నోడు పదమూడేస్తడు. పదన్నోడు పదిహేనేస్తడు. నిజం జెప్పిన డ్రైవర్ని నేను ఇంతవరకు జూడలే. నేను జగడం బెట్టుకోను. ఆ అబద్ధం బరువు మొయ్యనీకి ఒక పట్టీ ఎక్కువేస్త. లేకుంటే తొవ్వల ఇరుగుతది, మల్ల నన్నే తిడ్తరు."

డ్రైవరు పక్కనే ఉండి వింటూ నవ్వుతున్నాడు. సిగ్గేమీ పడలేదు. అది అక్కడ మామూలు పద్ధతి, అబద్ధం చెప్పడమూ, దానికో పట్టీ పడడమూ.

నా వంతు వచ్చింది. కాగితం ఇచ్చాను. ఆయనకు చదువు రాదు, అయినా కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశాడు. చదివి చెప్పమన్నాడు, చెప్పాను. తర్వాత అడిగాడు: "గూసునేటోడు ఎంత బరువు?"

"నలభై ఆరు కిలోలు."

"ఎవలు?"

"నేనే చాచా. నేనే నడుపుత."

ఆ మాట మొదటిసారి పైకి అన్నాను. నోటికి తియ్యగా తగిలింది.  ఉస్తాద్ నన్ను పైనుంచి కిందికి చూసి, "మంచిది" అన్నాడు. మూడు పట్టీలు కోసి, కొలిమిలో కాల్చి, వంపు కొట్టాడు. నేను నాలుగోదాని కోసం ఎదురుచూశాను. అది కూడా వేస్తే ఏం చెయ్యాలో ఆలోచించుకుంటున్నాను, తీసేయమని ఎలా అడగాలా అని. ఆయన వెయ్యలేదు.

"సదువుకునే పిల్లగానివి. తూకమేసి, కాయిదం రాసి తెచ్చినవ్. నీకు జూటా పట్టీ ఎందుకు?" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. అయినా కట్టను గోనెసంచిలో చుట్టుకుని బస్సెక్కాను.

నడిపించి చూసే రోజు వచ్చింది. ఊరి బయట గుట్ట కింద, మొరం తవ్వి తీసిన జాగాలో పాత టైర్లూ ఇసుక సంచులూ పెట్టి బాట గీశాం. ఇంజనువాడూ వెల్డింగువాడూ మాకొద్దన్నారు. నేను చెయ్యెత్తాను. ముగ్గురూ నా వైపు చూశారు, వెల్డింగువాడు హెల్మెట్ అందించాడు. సారు గడియారం చూసుకుని "అయిదు చుట్లు" అన్నాడు.

ఆ అయిదు చుట్ల గురించి అబద్ధం చెప్పను. నా జన్మలో అంత సంతోషం నాకు తెలియదు. మొరం మీద చక్రం ఎగిరినా దెబ్బ నాదాకా రాలేదు. నేను లెక్కగట్టిన పట్టీలు వంగి, దాన్ని మింగి, మళ్ళీ లేచాయి. గాలి కళ్ళలో కొడుతుంటే నీళ్ళొచ్చాయి, అవి గాలికి వచ్చినవి మాత్రమే కావు. మలుపుల్లో కారు బాగా ఒరుగుతోందని తెలుస్తూనే ఉంది. నాకు లెక్క తెలుసు గనక ప్రతి మలుపు ముందూ వేగం తగ్గించాను. దిగినప్పుడు ఒళ్ళు పట్టెయ్యలేదు. ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడ్డాను.

తర్వాత నా దోస్తు కూర్చున్నాడు. కూర్చోగానే ముందు భాగం దిగబడింది. నేను చూశాను. నేను తప్ప ఎవరూ చూడలేదు. వాడు లారీలో నేర్చినవాడు, భయం లేదు. మొదటి చుట్టులోనే నాకంటే చాలా ముందున్నాడు. రెండో చుట్టులో ఇసుక సంచుల మలుపు దగ్గర కారు ఎడమ పక్కకు ఒరిగింది, అడుగు పైపు మొరాన్ని గీరుకుని ఒక రాయికి పట్టుకుంది. వెనక భాగం లేచింది. వాడు ఎగిరి కారు బయట పడ్డాడు.

ఉరికాం. అంటే వాళ్ళు ఉరికారు, నేను నడిచాను. మోచెయ్యి గీరుకుపోయి నెత్తురు కారుతోంది, మణికట్టు మడతపడింది. ఇంకేమీ కాలేదు. వాడు లేచి కూర్చుని, కారు వైపు కాకుండా తన చేతుల వైపు చూసుకున్నాడు. సారు వాడి చెయ్యి పట్టి చూసి, కాసేపు తిట్టి, నా వైపు తిరిగి "ఇగ నువ్వే నడుపు" అన్నాడు.

తలూపాను. అంతే కాదు, అది కూడా చెప్పాలి, లోపల ఎక్కడో సంతోషం కలిగింది. మనిషి కింద పడి ఉంటే నాకు సంతోషం కలిగింది. దానికి నేనే హడలిపోయాను.

మూడు రోజులు గడిచాయి. వాడు రోజూ వచ్చేవాడు, చేతికి కట్టుతో, కానీ కారును ముట్టుకునేవాడు కాదు. స్టీరింగు నట్టు బిగించమంటే "నువ్వే జూడరా" అనేవాడు. ఒకసారి చాయ్ తాగుతూ, నా మొహం చూడకుండా అన్నాడు: "నాకు నడుపుడు రాదురా. లారీ అంటే పెద్దది, అదే పోతది. నేనే నడుపుతున్ననుకున్న." నేను "అట్లేం గాదులే" అన్నాను. నా చాయ్ నేను తాగేశాను. ఆ మూడు రోజులూ నేను ఎక్కడా నిమిషం నిలవలేదు. క్లాసులోంచి లేచి వెళ్ళిపోయాను. గడియారం స్తంభం దాకా నడిచి, ఏమీ కొనకుండా తిరిగొచ్చాను. ఇంజనువాడితో ఉత్తపుణ్యానికి కొట్లాట పెట్టుకున్నాను.

ఆ దెబ్బకు కారు ముందున్న కమాన్ వంపు తగ్గింది. ఉస్తాద్ దగ్గర సరిచేయించుకు రమ్మని సారు మా ఇద్దరినీ పంపాడు. ఉస్తాద్ గోనెసంచి విప్పి, కట్టను చేతిలో అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టాడు.

"బేటా, నలభై ఆరు కిలోలోడు గూసుంటే ఇది గిట్ల గాదు. ఎవలు గూసున్నరు?"

"నేనే చాచా" అన్నాడు నా దోస్తు. "డెబ్బై ఎనిమిది."

ఉస్తాద్ వాడిని చూశాడు, వాడి చేతి కట్టును చూశాడు. తర్వాత నన్ను చూశాడు. చాలా మెల్లగా అన్నాడు: "లారీలోల్లు నాతోని అబద్ధమాడ్తరు. నాకు ఎరుకే. ఎరుకయ్యి పట్టీ ఏస్త. నిన్ను నమ్మి నేను ఎయ్యలే."

నా దోస్తుకు వెంటనే అర్థం కాలేదు. "ఏంది చాచా?" అన్నాడు. చెప్పాల్సింది నేనే. చెప్పాను. రోడ్డు మీద లారీలు పోతుంటే గట్టిగా చెప్పాల్సి వచ్చింది. నాలుగు పట్టీల లెక్క చేశానని, నా బరువు ఇచ్చి మూడు చేయించానని, వాడు కూర్చున్నప్పుడు ముందు భాగం దిగబడడం చూశానని, చూసి ఊరుకున్నానని. చెప్పినంతసేపూ నా చేతులు ఆగలేదు, చొక్కా గుండీ ఒకటి తెగి కింద పడింది.

వాడు కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. వాడు బయటికి పోయి, రోడ్డు పక్కన నిమ్మకాయ బస్తాల మీద కూర్చున్నాడు. నేనూ పోయి నిలబడ్డాను.

"మూడ్దినాల సంది నాకు చాతగాదనుకుంటున్న" అన్నాడు. "నీకు ఎరుకే. ఎరుకయ్యి నా పక్కపొంటి గూసోని చాయ్ తాగినవ్."

"అవును" అన్నాను.

"నడుపుతనంటె నిన్ను ఎవలొద్దన్నరు రా?"

 ఎవరూ వద్దనలేదు. వాళ్ళు అనని మాటకు నేను ముందే పగ పెంచుకున్నాను, ఆ పగ తీర్చుకున్నది నన్ను ఎప్పుడూ లెక్క రాయమనని ఒక్కగానొక్క మనిషి మీద. మా ఊరి నీళ్ళనూ, నా వెన్నునూ, మా బాపు కర్రనూ అన్నింటినీ తిట్టుకోవాలనిపించింది. కానీ ఆ కాగితం రాసింది నీళ్ళు కాదు, నేను.

లోపల్నుంచి ఉస్తాద్ కేకేశాడు. "ఇగ జెప్పుండ్రి. ఎవలు గూసుంటరు?"

నా దోస్తు లేచాడు. "వాడే. తేలికోడు. మూడే ఉండనియ్యి చాచా" అన్నాడు. కోపంతో అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. తేల్చుకునేంతసేపు నేను ఆగలేదు.

"నాలుగెయ్యి చాచా" అన్నాను. "ఈని బరువుకే ఎయ్యి."

ఉస్తాద్ నాలుగో పట్టీ కోశాడు. కాల్చి, వంచి, నూనెలో ముంచాడు. నేను కొలిమి దగ్గరే నిలబడి చూశాను. ఒక మాట దాచకూడదు. నాలుగు పట్టీలు వెయ్యమన్నప్పుడు కూడా నేను సీటు వదులుకోలేదు. నాలుగు మీద కూడా నేను నడపగలనేమో, నా వెన్ను నేను అనుకున్నంత చెడ్డది కాదేమో అని ఆశ ఉంది. ఇంటికి పోయినప్పుడల్లా బాపు మంచిగనే ఉందంటున్నాడు కదా అనుకున్నాను.

సారుకు కూడా చెప్పాను. ఆయన "నిన్ను తీసేస్తె కమాన్ ఎవలు జూడాలె?" అని, మళ్ళీ నడిపించి చూద్దామన్నాడు. ఇద్దరం నడపాలి. ఈసారి పోటీలో లాగే పూర్తిగా పది చుట్లు.

నా దోస్తు చేతి కట్టు విప్పాక అదే మొరం జాగాకు పోయాం. ముందు వాడు కూర్చున్నాడు. మొదటి రెండు చుట్లూ భయపడుతూ పోయాడు, ఇసుక సంచుల మలుపు దగ్గర కాలు బ్రేకు మీదే ఉంది. మూడో చుట్టులో వాడికి తెలిసింది. కారు ఒరగలేదు. నేల మీద గీత గీసినట్టు పోయింది. నాలుగో చుట్టు నుంచి వాడు మా వైపు చూడడం మానేశాడు. ఏడోదానికి వాడి భుజాలు వదులయ్యాయి, అది దూరం నుంచి కూడా కనబడింది. పదీ అయ్యాక దిగి, హెల్మెట్ నా చేతికిచ్చాడు.

నేను కూర్చున్నాను. మొదటి చుట్టు బాగుందనుకున్నాను. తారు లేదు, మొత్తం మొరమే, ప్రతి రాయినీ వెన్నులో లెక్కపెట్టగలిగాను. రెండో చుట్టులో పళ్ళు బిగించాను. మలుపుల్లో కారు అద్భుతంగా ఉంది, ఆ సంగతి నాకు అంత నొప్పిలోనూ తెలుస్తోంది, అదే నాకు మరీ ఏడుపు తెప్పించింది. నాలుగో చుట్టులో నడుము నుంచి కాలి మడమ దాకా నిప్పు దిగినట్టయింది. అయిదోదానిలో మెడ పూర్తిగా బిగుసుకుపోయి, మలుపు ఎక్కడుందో చూడ్డానికి తల తిరగలేదు, కారును ఇసుక సంచికి తగిలించాను. ఇంకొక్కటి అనుకున్నాను. ఆ ఇంకొక్కటి సగంలో కాలు నేను చెప్పిన మాట వినలేదు. ఇంజను ఆపేశాను.

నా దోస్తు ఉరుక్కుంటూ వచ్చాడు. నేను దిగే ప్రయత్నం చేసి, దిగలేక, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాను. వాడు మోకాళ్ళ మీద కూర్చుని నా మొహంలోకి చూశాడు.

"ఎట్లున్నది రా?"

"మలుపుల ఇంచు గూడ ఒరుగుతలేదు" అన్నాను. "ఇసుక సంచుల కాడ బ్రేకు కొట్టకు, అక్కెర లేదు. ఇగ ఈ కట్టను ఎవ్వలు ముట్టొద్దు. ఇట్లనే ఉండాలె."

"నువ్వు నడుపుతవా మరి?"

ఒక్క మాట అనకుండా ఉండడానికే నేను అప్పటిదాకా అన్ని నెలలూ కుదురు లేకుండా తిరిగాను.

"నాతోని గాదు" అన్నాను. "నీకోసమే జేసిన. లేపు నన్ను."

వాడు నా చంకల కింద చేతులు పెట్టి, మెల్లగా, ఎక్కడా కుదుపు తగలకుండా నన్ను ఆ సీట్లోంచి ఎత్తాడు.